చెక్‌పోస్టులో అడ్జెక్టివ్

ఎనభై ఏడో ఎనభై ఎనిమిదో సంవత్సరం. అప్పుడు నేను కోరుట్లలో ఒక హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పేవాణ్ణి. అన్నలు, అంటే నక్సలైట్లు, బంద్ అంటే బస్సులు ఆగిపోయేవి, పోలీసులు సోదా అంటే అందరి సంచులూ తెరుచుకునేవి. ఆదివారాలు పొద్దున, పదో తరగతి ప్రైవేటుగా రాసేవాళ్లకు ఇంటి దగ్గర పాఠం చెప్పేవాణ్ణి.

అలా వచ్చిన మనిషి రాజవ్వ. ముప్పై ఏళ్లుంటాయి. రాయికల్‌లో బీడీలు చుట్టేది, భర్త దుబాయిలో కూలి. అంగన్‌వాడీ టీచర్ కావాలని ఆమె పట్టుదల. అందుకు పది పాసై ఉండాలి. అన్ని సబ్జెక్టులూ గట్టెక్కినా ఇంగ్లీష్‌లో రెండుసార్లు తప్పింది. వాక్యంలో ఏది నామవాచకం, ఏది క్రియ, ఏది విశేషణమో గుర్తుపట్టే పార్ట్స్ ఆఫ్ స్పీచ్ దగ్గరే ఆమెకు చిక్కు.

"నిర్వచనాలన్నీ నోటికొస్తయి సారు. వాక్యం సూడంగనే అన్నీ మర్సిపోత," అంది.

నిర్వచనాలు పక్కన పెట్టమన్నాను. ప్రతి మాట దగ్గరా ఆగి, ఇది ఇక్కడ ఏం పని చేస్తోందో చూసుకోమన్నాను. ఆమె నోటుబుక్కు నిండా ఇంగ్లీష్ వాక్యాలు రాసి, మాటల మీద ఎర్ర సిరాతో గుర్తులు పెట్టింది. నౌన్‌కు ఎన్, వెర్బ్‌కు వి.

పరీక్షకు వారం ముందు ఆదివారం ఆమె రాలేదు. రాయికల్ బస్సులో వచ్చిన ఒకాయన మా ఇంటికొచ్చి చెప్పాడు: "సారు, చెక్‌పోస్టు కాడ రాజవ్వను దింపిండ్రు. నోటుబుక్కు సూసి అనుమానపడ్డరు."

సైకిలెక్కి వేగంగా వెళ్లాను. ఎస్సై బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. ఎదురుగా రాజవ్వ నిలబడి ఉంది. నేను ఆమెకు చదువు చెప్పే మాస్టర్నని చెప్పినా ఎస్సై నావైపు చూడలేదు.

"గీ ఎర్ర అక్షరాలేంది? ఎన్ ఎవడు? వి ఎవడు? ఎవలికి మోస్తున్నవ్ గీ కబురు?"

"మనుషులు గాదు సారు, గుర్తులు. ఎన్ అంటే పేరు, వి అంటే పని," అంది రాజవ్వ.

ఎస్సై నవ్వి, కాగితం మీద రెండు ముక్కలు రాశాడు: హార్డ్ వర్క్. షీ వర్క్స్ హార్డ్.

"రెండిట్ల హార్డ్ ఒక్కటే గదా. ఏమంటరు దాన్ని?"

ఆ మాట మేము పాఠంలో చెప్పుకోనే లేదు. రాజవ్వ కాగితం మీదికి వంగి, పెదవులు కదుపుతూ చదువుకుంది.

"ఒక్కటి గాదు సారు. మొదటిది పని ఎట్లాంటిదో చెప్తది, గది అడ్జెక్టివ్. రెండోది ఆమె ఎట్ల పనిజేస్తదో చెప్తది, గది అడ్వర్బ్."

ఎస్సై అప్పుడు నావైపు తిరిగాడు. "నిజమేనా సారు?"

"నూటికి నూరుపాళ్లు," అన్నాను.

పుస్తకం మూసి ఆమె చేతికిచ్చాడు. "పో అమ్మా, పరీక్ష మంచిగ రాయి."

రోడ్డు మీదికొచ్చాక ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని పకపకా నవ్వింది. "సారు, ఎస్సైకే పాఠం జెప్పిన!"

ఆ ఏడు ఇంగ్లీష్ పాసైంది. మరుసటేడు సొంతూళ్లోనే అంగన్‌వాడీ టీచరైంది.

రిటైరయ్యేదాకా నేను మళ్లీ ఏ క్లాసులోనూ గ్రామర్‌ను నిర్వచనంతో మొదలుపెట్టలేదు. బట్టీపట్టింది బెదిరిస్తే పోతుంది, అర్థమైంది పోదు. ట్రైనింగ్ కాలేజీలో దొరకని ఈ పాఠం నాకు రాజవ్వ చెప్పింది.