హనోయ్ వీధుల్లో మా అత్త దినం

నేను మిష్రిఫ్‌లో ఒక కువైటీ వాళ్ళ ఇంట్లో పనిచేసే రోజుల్లో, ఎండలు ముదిరాయని తెలియడానికి క్యాలెండర్ చూడక్కర్లేదు, స్టోర్ రూములోంచి సూట్‌కేసులు బయటికి వస్తే చాలు. ఇంటివాళ్ళు ఆ మంటల్ని మనకు వదిలేసి ఏదో ఒక దేశానికి వెళ్ళిపోతారు. పిల్లల్ని చూసుకోవడానికి ఒక పనిమనిషిని వెంట తీసుకెళతారు, ఇల్లు చూసుకోవడానికి ఇంకో పనిమనిషిని వదిలి వెళతారు. నాకంటే ముందునుంచీ ఆ ఇంట్లో మా మేనత్త పనిచేస్తుండేది. నన్ను రాయచోటి పక్కనున్న మా ఊరినుంచి అక్కడికి పిలిపించిందీ ఆమే. ఊళ్ళో అందరికీ ఆమె 'కువైట్ అత్త'. ఆమె అన్నేళ్ళూ వదిలి వెళ్ళే రకం పనిమనిషిగానే ఉండిపోయింది. విదేశాల గురించి ఆమెకున్న జ్ఞానమంతా తిరిగొచ్చిన బట్టలు ఉతకడంవల్ల వచ్చిందే. "లండన్ బురద ఒక్కతూరి నానబెడితే పోతాది మే. టర్కీ కూర మరక మాత్రం చచ్చినా పోదు, పాడుది" అని నాకు పాఠం చెప్పేది. (ఆ పాఠం నాకు తర్వాత పనికొచ్చింది. టర్కీ మరక నిజంగానే పోదు.)

కిడ్నీలు చెడిపోయి అత్త ఊరికి వెళ్ళిపోయాక ఆమె పని కూడా నా మీద పడింది. ఆ వేసవిలో ఇంటివాళ్ళు వియత్నాంకు టికెట్లు తీశారు, పిల్లల్ని చూసుకోవడానికి నాకూ ఒకటి. బయల్దేరడానికి కొద్దిరోజుల ముందు అత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేశాడు. నేను వంటింట్లో నేలమీద కూలబడి ఏడిస్తే మామా వచ్చి నా పక్కనే కూర్చుంది. (మామా అంటే మన మామ కాదు, ఇంటి యజమానురాలిని పనివాళ్ళం అలా పిలుస్తాం.) ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది. అబద్ధం చెప్పకూడదు, నిజంగానే తుడుచుకుంది, ఆమె పిల్లల్ని ఎత్తుకుని పెంచింది మా అత్తే మరి. తర్వాత లేచి, "తిరిగి రాగానే ఊరికి పంపిస్తాను. ఇప్పుడు నువ్వు వెళితే పిల్లల్ని ఎవరు చూస్తారు?" అంది. అలా పుట్టెడు దుఃఖంతో, అత్త ఒక్కసారి కూడా చూడని విదేశాన్ని చూడటానికి అత్త మైలలోనే విమానమెక్కాను.

అత్తకు పిల్లల్లేరు. అమ్మ పోయాక నన్నూ తమ్ముణ్ణీ కువైట్ డబ్బులతో సాకింది ఆమే కాబట్టి కర్మలన్నీ ఊళ్ళో తమ్ముడే చేస్తున్నాడు. నా వంతుకు ఒక్క పనే మిగిలింది. మంచం పట్టాక ఒకరోజు ఫోన్లో అత్త నాతో ఒట్టేయించుకుంది. "మే, నా దినం నాడు కాకి ముట్టేదాకా నువ్వు ఎంగిలి పడగూడదు. నువ్వసలే తిండిపోతువి. నాకంటే ముందు తిన్నావంటే నేను ఒప్పుకోను, చెప్తాండా" అంది. అదేం పెద్ద పని, ఒకపూట పస్తుంటే సరిపోతుంది అనుకున్నాను. ఆ పూట నేను ఏ దేశంలో, ఏ పనిలో ఉంటానో అత్తకు తెలియదు, నాకూ తెలియదు.

హనోయ్‌లో దిగిన మర్నాడే దినం. ఆ సాయంత్రానికే మామా ఒక టూరు మాట్లాడి పెట్టింది. పాత ఊరి సందుల్లో నడిపిస్తూ, ఊరు చూపిస్తూ, పేరున్న ప్రతి కొట్టు దగ్గరా ఆపి ఏదో ఒకటి తినిపించే టూరు. దారి చూపించడానికి ఒక నడివయసు మనిషి వచ్చాడు. జనంలో మేం తప్పిపోకుండా పసుప్పచ్చ గొడుగు మడిచి జెండాలా పైకెత్తి నడిచేవాడు కాబట్టి నాకు ఆయన గొడుగాయన. పంది మాంసం ఉన్న కొట్టు గడప తొక్కనని మామాకు మాటిచ్చి బయల్దేరదీశాడు. మామా వాళ్ళాయన, మా సార్, తలనొప్పంటూ హోటల్లోనే ఉండిపోయాడు. మామా, ఇంగ్లీషు దంచే పెద్దమ్మాయి, తోపుడు బండిలో చిన్నోడు, ఆ బండి తోస్తూ నేను. రోడ్డు దాటాలంటే స్కూటర్లు ఆగవు, మనమే వాటిలోకి దిగి నడవాలి. ఎటు చూసినా పిల్లలు బొమ్మలాడుకునేటంత చిన్న ప్లాస్టిక్ పీటలు, వాటిమీద మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చుని ఊరు ఊరంతా తింటోంది. ఆ ఊరిమొత్తం మీద పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళతో ఉన్నది నేనొక్కదాన్నే.

అసలు చిక్కు చెప్పలేదు. బయటి తిండి ఏదైనా సరే, ముందు నేను రుచి చూసి కారం లేదని చెబితేనే పిల్లలకు పెట్టేది మామా. కువైట్‌లో నాకు ఆ ఉద్యోగమంటే మహా ఇష్టం. ఆ రోజు మాత్రం అది నా పీకమీదికి వచ్చింది. 'ఈరోజు తినను' అని చెప్పొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. చెబితే ఎందుకని అడుగుతుంది, దినమంటే ఏమిటని అడుగుతుంది, మా అత్త కాకి రూపంలో వస్తుందని నా వచ్చీరాని అరబ్బీలో చెప్పాలి. అది విని నవ్వితే నేను భరించలేను. అందుకని మొదటి కొట్టులో రొయ్యల చుట్టలు రాగానే ఒకటి తీసుకుని, అటు తిరిగి నోటిదాకా తీసుకెళ్ళి, కొంగు చాటునుంచి చేతిసంచీలో పడేసి "తమామ్" అన్నాను, అంటే బ్రహ్మాండంగా ఉందని. రెండో కొట్టులో పసుపు వేసి వేయించిన చేపముక్కలు. ఆ వాసనకు కడుపులో పేగులు ఒకదాన్నొకటి పిలుచుకున్నాయి. అవీ సంచీలోకే పోయాయి, అవీ తమామే. నాకు తిండి లేకపోయినా నా సంచీ ఆ సాయంత్రం హనోయ్ అంతా తిన్నది.

మన ఊళ్ళో ఇలాంటి పని మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. కాకి ముట్టిందని ఫోన్ వస్తే నా ఒట్టు తీరిపోతుందని చూస్తూనే ఉన్నాను. (పిల్లలు తప్పిపోతే పిలవడానికని మామా నా ఫోన్లో అక్కడి సిమ్ వేయించింది.) ఫోన్ రాలేదు. సరే, ఇక్కడే ఒక కాకి దొరికితే నేనే పెట్టుకుంటానని తలెత్తి చెట్లన్నీ వెతికాను. ఒక్క కాకి లేదు. తీగల నిండా పంజరాలు, వాటిలో పాటలు పాడే పిట్టలు, కాకి మాత్రం మచ్చుకైనా కనబడదు. ఆగలేక గొడుగాయన దగ్గరికి వెళ్ళి చేతులు రెక్కల్లా ఆడించి "కావ్ కావ్, బ్లాక్" అన్నాను. ఆయన చాలా మర్యాదగా ఆలోచించి, ఆ వంటకం ఈ టూరులో లేదనీ, కావాలంటే పావురం దొరుకుతుందనీ చెప్పాడు. ఏడుస్తూ నవ్వడం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

ఊరిమధ్య చెరువుగట్టుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. నీళ్ళమీద ఎర్రచెక్కల వంతెన, గుంపులు గుంపులుగా జనం. అప్పుడు మోగింది ఫోన్. వీడియోలో తమ్ముడి గుండు, దాని వెనక మా బంధువర్గమంతా ఆకలి మొహాలతో నిలబడి ఉంది. "అక్కా, కాకి ముట్టలేదుక్కా" అన్నాడు తమ్ముడు. "సంగటి పెట్టినాం, నాటుకోడి పెట్టినాం, వడలు, పాయసం, ఎవురో కువైట్ నుంచి తెచ్చిన కజ్జూరాలు గూడా పెట్టినాం. రెండు కాకులు గోడమింద కూచోని సూస్తాండాయి, దిగవు. అందరూ మొక్కుకుంటాండారు. ఏం మనసులో పెట్టుకోని పోయిందో."

"నీ పెట్టె ఎవురం తెరవమ్మే, దా!" అని చిన్నాయన కాకుల వైపు అరుస్తున్నాడు. "నీ కమ్మలు నీ మేనకోడలికే ఇస్తాం, నన్ను నమ్ము" అని పెద్దమ్మ దండం పెడుతోంది. వెనకనుంచి ఎవరో "ఆవుకు పెట్టేస్తే సరిపోతాది గదా, పిల్లోళ్ళు ఆకలికి పడిపోతాండారు" అన్నారు. చిన్నాయన గయ్యిమన్నాడు, "ముట్టకుండ పోతే దాని పానం యాడ తిరుగులాడాల రా?" అని. బతికినన్నాళ్ళూ పరాయి ఇంట్లో తిరుగులాడిన మనిషి, పోయాక కూడా అలా తిరగాలా అనిపించింది.

"నువ్వన్నా చెప్పుక్కా. నీ మాటైతే ఇంటాది" అన్నాడు తమ్ముడు, ఫోన్ గోడకేసి తిప్పి. అత్తకు ఏం కావాలో నాకే తెలుసని నా ధీమా. విదేశం చూడలేదన్న బెంగే అయ్యుంటుందనుకుని నా ఫోన్‌ను చెరువుకేసి తిప్పాను. "అత్తా, సూడు. ఇదే నువ్వు సూడని దేశం. వంతెన సూడు, ఎంత ఎర్రగుందో. మనుషులు సూడు, ఈడ అందరూ రోడ్డుమిందనే తింటారు. నేను ఎంగిలి పడలేదు అత్తా, ఒట్టు. నువ్వు తిను" అని తోపుడు బండి పక్కన నిలబడి రెండు కాకులకు ఊరు చూపించాను. గొడుగాయనకంటే బాగా చూపించానని ఇప్పటికీ నా నమ్మకం. కాకులు మాత్రం కదల్లేదు.

అంతలో వెనకనుంచి చిన్నోడి కేక. గట్టుమీద బండివాడి దగ్గర కొన్న పచ్చి బొప్పాయి తురుము నేను 'తమామ్' అన్నదే, లోపల మిరపకాయ ముక్క. వాడు ఎర్రగా కందిపోయి గుక్కపట్టాడు. నీళ్ళు, బిస్కెట్లు, హడావుడి అంతా అయ్యాక మామా నా వైపు తిరిగింది. నా గిన్నె నిండుగా ఉంది. సంచీకి నూనె మరక. ఆమె సంచీ తీసి చూసింది, టూరంతా అందులో ఉంది. "ఏమిటిది? ఏదీ తినలేదా నువ్వు?" అంది. ఇక దాచడానికి ఏముంది? ఏడ్చుకుంటూ మొత్తం చెప్పేశాను, కాకితో సహా. "ఆమె తినకుండా నేను తినకూడదు మామా. ఆమె తినడం లేదు" అన్నాను.

మామా నవ్వలేదు. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని అందులోకి తేరిపార చూసింది. గోడ, కాకులు, విస్తరి, వరసగా మా వాళ్ళు. కువైట్ మేడమ్ మొహం కనబడేసరికి పెద్దమ్మ కొంగు సర్దుకుంది, చిన్నాయన తలపాగా తీశాడు. మామా మెత్తగానే, రోజూ అనే గొంతుతోనే, కాకుల వైపు చూసి "యల్లా, ఇక్లీ" అంది. ఇంక తిను అని.

ఒక కాకి దిగింది. విస్తరి అంచున వాలి, అటూ ఇటూ చూసి, సంగటి ముద్దమీద ముక్కుతో పొడిచింది. రెండోది కోడిముక్క ఎత్తుకుపోయింది. ఫోన్లో మా ఊరు ఊరంతా ఒక్కసారిగా అరిచింది. "ఆయమ్మ మహిమ సూడ్రా!" అన్నాడు చిన్నాయన. తమ్ముడు వెక్కివెక్కి ఏడుస్తూ మామాకు దండం పెట్టాడు. మామా కళ్ళు మూసుకుని వాళ్ళ భాషలో అత్తకోసం ఏదో ప్రార్థన చేసుకుంది. సంతోషం లేనిది నాకొక్కదానికే. ఎందుకంటే ఆ రెండు మాటలూ నాకు తెలుసు. ఆ ఇంట్లో అందరి భోజనాలూ అయ్యాక మామా వంటింటి గుమ్మందాకా వచ్చి ఆ మాట అంటేనే అత్త కంచం తీసేది. షుగర్‌తో కళ్ళు తిరిగినా అంతకుముందు మెతుకు ముట్టేది కాదు. అదేమని అడిగితే "వాళ్ళిల్లు గదా మే" అనేది. మా వాళ్ళు పెట్టెలకోసం, కమ్మలకోసం, నేను విదేశాలకోసం వెతికాం. ఆమె మధ్యాహ్నంనుంచి గోడమీద కూర్చుని తినమనే సెలవు కోసం చూస్తోంది. చచ్చి కాకైనా ఆ మాట రానిదే తినలేకపోయింది. ఆ చెరువుగట్టున నాకు మామా మీద కోపం రాలేదు, అత్త మీద వచ్చింది, గట్టిగా, ఆమె బతికుండగా ఎన్నడూ రానంత.

కాకి ముట్టింది, ఒట్టు తీరింది, చేతిలో గిన్నె ఉంది, కడుపు కాలిపోతోంది. అయినా అలాగే నిలబడ్డాను. మామా ఫోన్ నా చేతిలో పెట్టి, నా మొహం చూసి, "నువ్వూ ఇక్లీ" అంది. అప్పుడు కదిలింది నా చెయ్యి. నోట్లో ముద్ద పెట్టుకుంటూ భోరుమన్నాను. మిరపకాయ కొరికాననుకుని గొడుగాయన పాపం నీళ్ళకోసం పరిగెత్తాడు.

ఆ ఇల్లు వదిలి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కువైట్‌లోనే, రిగ్గైలో, మా ఆయనా నేనూ మన ఊళ్ళ కుర్రాళ్ళకు మెస్ నడుపుతున్నాం. నా పొయ్యి, నా గిన్నెలు, నా ఇష్టం. నన్ను ఆపేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. అందరికీ వడ్డించాక నేనూ కంచంలో అన్నం పెట్టుకుంటాను. ఒక్కోరోజు కంచం పట్టుకుని అలా నిలబడి ఉంటే మా ఆయన అంట్లు సర్దుతూ, "ఎవురికోసం సూస్తాండావు మే? తిను" అంటాడు. వెంటనే కూర్చుని తింటాను. ఆయన ఆ మాట అన్నాకే కూర్చున్నానని సగం అన్నం తిన్నాక గానీ తట్టదు. తట్టినప్పుడు ముద్ద చేతిలో పట్టుకుని నాలో నేనే నవ్వుకుంటాను. ఏమైందని ఆయన అడుగుతాడు. ఏం లేదంటాను.