మామ్మ గెలలు, నా అటక గది

ఈ సంగతి రాసిపెట్టకపోతే, మా అటక మీది చెక్క గదిని నేను తపస్సు చేసుకోవడానికి కట్టించుకున్నానని మా పిల్లలు నమ్మేసే ప్రమాదం ఉంది. ఆ రోజుల్లో రావులపాలెం దగ్గర మా పెంకుటింట్లో ఒక్క పేజీ ప్రశాంతంగా చదువుకునే చోటు ఉండేది కాదు. వీధరుగు మీద నాన్నగారి అరటి బేరాలు, వసారాలో టీవీ, వంటింట్లో మిక్సీ. చదువు ఇంటర్‌తో ఆగినా లైబ్రరీలో బీరువాల కొద్దీ నమిలేసినవాణ్ణి (ఈ మాట అందరికీ నేనే చెప్పేవాణ్ణి). నాకంటూ ఒక మూల ఉండొద్దా? పైన అటక చూస్తే విరిగిన కుర్చీలతో, బూజుతో ఊరికే పడి ఉంది.

ఇల్లు మామ్మది కాబట్టి ఆవిడ ఊఁ అనాలి. లైబ్రరీ నుంచి గృహాలంకరణ పుస్తకం తెచ్చి, ఆవిడ మంచం పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించాను. గోడలకీ, పెంకుల కిందా చెక్క కొట్టిస్తే చప్పుడు లోపలికి రాదట, వెచ్చదనం బయటికి పోదట. (అది మంచు కురిసే దేశపు పుస్తకమని నాకు తట్టలేదు. గోదావరి జిల్లాలో వెచ్చదనానికి కరువా!) మామ్మ లేచి కూర్చుంది.

"వెచ్చగా ఉంటుందంటావా? గాలి కూడా చొరబడదా?"

"పిసరంత కూడా రాదు మామ్మా!"

"అయితే కొట్టించెయ్ నాన్నా. మంచి పని."

ఆవిడకి చదువు విలువ తెలుసని పొంగిపోయాను. ఊరంతా చిత్రిక బాబాయి అని పిలిచే మా వడ్రంగి మామిడి పలకలు నున్నగా చేసి కొట్టాడు. గది అచ్చం పుస్తకంలో బొమ్మలా వచ్చింది. చాప, పుస్తకాలు పట్టుకుని నిచ్చెన ఎక్కేసరికి, నేను పడుకోవాల్సిన చోట ఎండుగడ్డి మీద చక్కెరకేళి గెలలు పడుకుని ఉన్నాయి.

"ఇదేంటి మామ్మా!"

"మీ నాన్న చేత ఎక్కించానురా. శ్రావణమాసం పేరంటాలకి పళ్ళొద్దూ? నా మంచం కింద ఎన్నాళ్ళైనా మగ్గి చావట్లేదు."

"మరి నేనెక్కడ చదువుకోను?"

"వాటి పక్కనే చదువుకో. అవేమన్నా మాట్లాడతాయా?"

నిజమే, అవి మాట్లాడలేదు. ఆ ఉక్కలో వాటితో పాటు నేనూ మగ్గాను. పేజీ తిప్పితే ఈగలు లేచేవి. కథ మంచి పట్టులో ఉండగా నిచ్చెన కింద నుంచి కేక వినిపించేది: "ఒరేయ్, రంగు తిరిగాయేమో చూడరా!" నేను విసుక్కుంటూ లేచి, తడిమి, "ఇంకా పచ్చే మామ్మా" అనేవాణ్ణి. "వాసన చూసి చెప్పరా మొద్దూ!" అనేది.

మామ్మ ఇప్పుడు లేదు. పళ్ళు బజారు నుంచి పండే వస్తున్నాయి. అటక మీద ఏసీ పెట్టించాను. ఒకప్పుడు కోరుకున్న నిశ్శబ్దమంతా నాదే. అయినా పుస్తకం మధ్యలో ఆగి, చెవి నిచ్చెన వైపు పెడతాను. మొన్న ఉండబట్టలేక ఒక పచ్చి గెల తెచ్చి, ఏసీ ఆపేసి, మూల గడ్డిలో పెట్టాను. ఆ తియ్యటి వాసన మొదలయ్యాక చదువు ఒక్క పేజీ సాగితే ఒట్టు.

పలకలు కొట్టిన చిత్రిక బాబాయికి, గెలలు మోసిన నాన్నగారికి, అరటి మరకలతో పుస్తకం తిరిగిచ్చినా నవ్వి ఊరుకున్న లైబ్రరీ మాస్టారికి కృతజ్ఞతలు. ఇక మామ్మకి చెప్పాల్సింది ఒక్కటే.

రంగు తిరిగాయి మామ్మా.