మూడున్నర గంటలకే దిగిన విమానం

నాలుగేళ్ల కిందట కువైట్‌లో ఇంటిపనికని పులివెందుల నుంచి బయలుదేరాను. నాకు ఇంగ్లీషు రాదు. "చెన్నైలో ఎక్కితే అయిదు గంటలమ్మా, మన బస్సులో తిరుపతి పోయినంత సేపే" అని ఏజెంటు కాగితాలు చేతిలో పెట్టాడు.

విమానం లేచినప్పటి నుంచి గడియారమే చూస్తూ కూర్చున్నాను. మూడున్నర గంటలకే అది కిందికి దిగసాగింది. పక్కసీటులో జమ్మలమడుగు ఆమె, గల్ఫ్‌కు పాత మనిషి.

"అక్కా, కువైట్‌కు ఇంకా గంటన్నర ఉండాల గదా?"

"కువైటా? ఇది మస్కట్ పోతాంది గదమ్మా! నిన్నెవురు పంపించినారు?"

ఏజెంటు ఇచ్చిన కాగితాలు తీసి చూపించాను. ఆమె గొంతు తగ్గించింది. "బయట ఎవడో నీ ఫోటో పట్టుకోని ఉంటాడు. పాస్‌పోర్టు మాత్రం ఇయ్యొద్దు. పోలీసోళ్లు వచ్చేదాకా గట్టిగా ఏడ్సు."

నిజంగానే ఒకడు నా ఫోటో పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. పాస్‌పోర్టుకు చెయ్యి చాపాడు. జనమంతా చూస్తుండగా నేలమీద కూలబడి గుండెలు బాదుకున్నాను. పోలీసులొచ్చి నన్ను వెనక్కి విమానమెక్కించారు. మూడోనాటికి ఇల్లు చేరాను.

అప్పటినుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లను జీతమెంతని అడగను, విమానం ఎన్ని గంటలని అడుగుతాను. మొన్న మా వీధి పిల్ల కువైట్ పోతున్నానంది.

"ఎన్ని గంటలంట?"

"మూడున్నరేనంట అక్కా!" అంది సంబరంగా.

ఆ పిల్ల పాస్‌పోర్టు ఇప్పుడు నా బీరువాలో ఉంది. తిట్టుకుంటే తిట్టుకోనీ.