పుట్టీ పెట్టని అతుకు

ఉస్తాద్ పోయాడన్న కబురు నాకు మంగళవారం పొద్దున, గ్యారేజీలో రంగు కలుపుకుంటూ ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆసుపత్రిలో పనిచేసే భీమవరం వైపు నర్సు. "అన్నయ్యా, మీ ఉస్తాద్ గారిని తెల్లారేసరికి దేవుడు పిలిచేసుకున్నాడండి. ఊపిరి అందలేదు. మేం చెయ్యాల్సిందంతా చేశామండి," అంది. "నిన్న సాయంత్రం జావ ఇస్తే వాసన చూసి, థూ అని పక్కన పెట్టేశారండి. అదే ఆఖరి మాట," అని కూడా చెప్పింది. నాకు ముందు నవ్వొచ్చింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మధ్యాహ్నానికల్లా మా వాట్సాప్ గ్రూపు గులాబీలతో, దీపాలతో నిండిపోయింది. "ఎప్పుడూ చిరునవ్వుతో పలకరించే మంచి మనిషి" అని ఒకడు. "సౌమ్యుడు, అందరినీ కలుపుకుపోయే స్వభావం" అని ఇంకొకడు. చదువుతుంటే ఒళ్లు మండింది. ఎవరయ్యా ఈ చిరునవ్వు మనిషి? పదకొండేళ్లు ఒకే రూమ్‌లో పక్క మంచం మీద పడుకున్నవాణ్ణి, ఆయన పళ్లు నేను చూసింది తోముకునేటప్పుడే. ఆయన ఎవరినీ కలుపుకుపోలేదు. లోకంలో సగం వస్తువులంటే ఆయనకు అసహ్యం, మిగతా సగం ఇంకా చూడలేదు. ఆ అసహ్యం ధర్మమా అని నాకు కాస్త పని వచ్చింది. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆయనది జగిత్యాల వైపు, నాది తుని దగ్గర. ఒమన్‌లో మస్కట్ పక్కన, అల్ అమెరాత్‌లోని మా గ్యారేజీలో ఆయన సొట్టలు తీసి వెల్డింగ్ చేసే మేస్త్రి, నేను పెయింటర్ని. ఈ రెండు పనులకీ మొదటినుంచీ పడదు. సొట్ట పూర్తిగా పోకపోతే మిగిలిన గుంటలో పుట్టీ నింపి, రుద్ది, రంగు కొట్టేస్తే ఎవరికీ తెలియదు. అన్ని గ్యారేజీల్లో జరిగేది అదే. ఉస్తాద్‌కి పుట్టీ డబ్బా కనిపిస్తే చాలు, పాచిపోయిన కూర చూసినట్టు మొహం పెట్టేవాడు. "పుట్టీ అంటే అబద్ధం తమ్మీ. ఎండినంక గట్టిగైతది, గంతే," అనేవాడు. పెట్టిన పుట్టీ గీకెయ్యమంటే నేను వాదించేవాణ్ణి. ఆయన వాదించేవాడు కాదు, సుత్తి తీసుకుని మళ్లీ మొదటినుంచి కొట్టేవాడు.

జేబులో ఎప్పుడూ చిన్న అయస్కాంతం ఉండేది. శుక్రవారం దార్సైట్ కృష్ణుడి గుడికి వెళ్తే, దణ్ణం పెట్టుకుని వచ్చాక బయట నిలిపిన కార్లన్నిటి మీదా దాన్ని ఆనించి చూసేవాడు. ఇనుముంటే పట్టుకుంటుంది, పుట్టీ ఉంటే జారి కింద పడుతుంది. మా ఊరివాడొకడు సెకండ్‌హ్యాండ్ కారు కొని, కొబ్బరికాయ కొట్టించి, అందరికీ లడ్డూలు పంచుతున్నాడు. ఉస్తాద్ లడ్డూ నోట్లో పెట్టుకుని, అయస్కాంతం డోర్ మీద పెట్టాడు. అది టప్పున రాలింది. "పైన పటారం, లోన లొటారం," అని లడ్డూ నములుతూ ముందుకెళ్లిపోయాడు. ఆ కారువాడు ఇప్పటికీ నాతో మాట్లాడడు.

తెలంగాణ వచ్చిన ఏడాది వేసవిలో ఆ పాత కారు మా దగ్గరికి వచ్చింది. అప్పుడు రూమ్‌లో ఆంధ్రావాణ్ణి నేనొక్కణ్ణే. "రాష్ట్రం అలగైంది గని తమ్మీ, నీ గుర్రు మాత్రం నా పక్కల్నే ఉన్నది," అని విసుక్కునేవాడు. కారును ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న షినాస్ నుంచి లారీ మీద తెచ్చారు. ముప్పైల నాటి అమెరికా బండి. ఎవరో విదేశీ ఇంజనీరు ఇక్కడ వదిలి వెళ్లిపోతే, షినాస్ పెద్దాయన ఒకాయన కొనుక్కుని, టాప్ కోయించి, కిందికి దించి, లారీ ఇంజిన్ అంత ఇంజిన్ పెట్టించాడట. వేగం కోసమే అలా కోసి కట్టిన పాత కార్లను హాట్ రాడ్ అంటారు. ఎనభైల్లో ఆ తీరంలో దాన్ని ఓడించిన బండి లేదని చెప్పుకునేవారు. ఒక శుక్రవారం పోటీలో అది పల్టీ కొట్టింది. పెద్దాయన ఎడమ కాలు విరిగి వంకరగా అతుక్కుంది. భయంతో చెయ్యి వణికింది, అందుకే పడ్డాడు అన్నారు జనం. అన్నదమ్ములూ అదే అన్నారు. ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. కారు ఇరవై ఏడేళ్లు షెడ్డులో పడి ఉంది. ఇప్పుడు దాన్ని బాగుచేయించి డ్రాగ్ రేసులో, అంటే తిన్నని దారిలో పావు మైలు పందెంలో, పరిగెత్తించాలని ఆయన కొడుక్కి కోరిక పుట్టింది.

ఆ షెడ్డులో పశువులకు వేసే ఎండు చేపలు నిలవ చేసేవారట. కారు తలుపు తీశాక వచ్చిన కంపు నేను చెప్పలేను. సీట్లలో ఎలుకల గూళ్లు, కుళ్లిన ఖర్జూరాలు, చేప పొలుసులు. ఉస్తాద్ ముక్కుకి తువ్వాలు కట్టుకుని పది అడుగుల దూరం నడిచాడు. "నువ్వు సముద్రం మనిషివి గద, నీకలవాటే. నువ్వే కడుగు," అన్నాడు. మూడు రోజులు కడిగాను. నెల రోజులు నా చొక్కాల్లోంచి ఆ వాసన పోలేదు. ఆ నెలంతా ఆయన తన మంచం కిటికీ వైపు జరుపుకుని పడుకున్నాడు.

బాడీ విప్పి పక్కన పెట్టాక ఒట్టి ఛాసిస్, అంటే కింది ఇనుప చట్రం, మిగిలింది. ఒక పొద్దున మంటతో దాని మీది పాత నలుపు రంగు కాలుస్తుంటే, స్టీరింగ్ బాక్స్‌ని పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర పుట్టీ ఉడికి బుడగలొచ్చాయి. ఉస్తాద్ మంట ఆపి చూశాడు. డోర్‌కి పుట్టీ పెట్టడం అసహ్యం. ఛాసిస్‌కి, అందులోనూ స్టీరింగ్ దగ్గర పెట్టడం పాపం. గీకితే లోపల బ్రాకెట్ తెగి ఉంది. రెండే రెండు చిన్న వెల్డింగ్ చుక్కలు వేసి, మిగతాదంతా పుట్టీతో పూడ్చేశారు. ఆ రెండూ ఊడాయి కాబట్టే స్టీరింగ్ బిగిసిపోయి కారు పల్టీ కొట్టింది. పెద్దాయన చెయ్యి వణకలేదు.

పొద్దున చాయ్ నుంచి మధ్యాహ్నం దాకా ఆ పని చేసినవాణ్ణి ఆయన తిట్టని తిట్టు లేదు. "వీని చేతులు వడిపోను. గిసొంటోనికి ఎవ్వడు జెప్పిండు పని. మనిషి పానం దీనిమీద ఉంటదని తెల్వదా," అంటూనే ఉన్నాడు. ఎండ విరామానికి అందరూ లోపలికి వెళ్లినా ఆయన అక్కడే కూర్చుని, వైర్ బ్రష్‌తో ఆ రెండు చుక్కలనూ శుభ్రంగా రుద్దాడు. ఉన్నట్టుండి తిట్లు ఆగిపోయాయి. నేను చాయ్ తీసుకెళ్తే అందుకోలేదు. ఆయనది ఎడమచేతి వాటం. వెల్డింగ్ గీతలు అందరివీ ఒక వైపు వాలితే ఆయనవి రెండో వైపు వాలుతాయి. ఆ చుక్కల మీది గీతలు రెండో వైపే వాలి ఉన్నాయి.

"నేనే తమ్మీ," అన్నాడు.

ఒమన్ వచ్చిన కొత్తలో సోహార్ దగ్గర గ్యారేజీలో పనిచేశాడట. ఎవరిదో తెలియని ఒట్టి ఛాసిస్ ఒకటి వచ్చింది. గురువారం సాయంత్రానికి అయిపోవాలని ముదీర్, అంటే మేనేజరు, తొందరపెట్టాడు. వెల్డింగ్ గ్యాస్ అయిపోయింది. చుక్కలు వేసి పుట్టీ పెట్టమన్నాడు, ఈయన పెట్టాడు. వీసా అతని చేతిలో ఉంది, ఎదురు చెప్పే వయసు కాదు. తర్వాత ఈయన్ని మస్కట్ పంపేశారు. పల్టీ కొట్టిన కారు గురించి అందరిలాగే ఈయనా విన్నాడు. నడిపినవాడి తప్పనే నమ్మాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది దాచి ఆయన గురించి రాస్తే నేనూ ఆ గులాబీల గుంపులోవాణ్ణే అవుతాను. ఆ మధ్యాహ్నం నేను చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఎవరికి తెలుస్తుంది ఉస్తాద్? గ్రైండ్ చేసేసి కొత్తది వెయ్యండి. రెండు పూతలు నలుపు కొట్టేస్తాను. దేవుడు కూడా కనిపెట్టలేడు," అన్నాను. ఆయన నన్ను కాసేపు చూశాడు. తర్వాత పక్కకి తిరిగి థూ అని ఉమ్మేశాడు. తన మీద తనకే అసహ్యం వేసి ఉమ్మాడనుకున్నాను చాలాకాలం. కాదు. అది నా మీదే.

ఆ శుక్రవారం గుడికి వెళ్లకుండా, నన్ను తోడు తీసుకుని షినాస్ వెళ్లాడు. తెగిన బ్రాకెట్‌ని గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. దారిలో ఒక్కటే మాట. "వీసా క్యాన్సిల్ జేసి పంపుతరు కావచ్చు. నా పెట్టె నువ్వు సదురు." పెద్దాయనకి ఉర్దూ బాగా వచ్చు. వచ్చినవాళ్లు కూర్చునే మజ్లిస్ గదిలో చాప మీద కూర్చోబెట్టి కహ్వా కాఫీ పోశాడు. ఉస్తాద్ ఆ గిన్నె ముట్టకుండా గుడ్డ విప్పి, ఇనుప ముక్క ఆయన ముందు పెట్టి, ఉన్నదంతా చెప్పాడు. కొడుకు లేచి నిలబడి అరవడం మొదలుపెట్టాడు. పోలీసులన్నాడు, కంపెనీ అన్నాడు. పెద్దాయన చెయ్యి ఎత్తితే ఆగాడు.

పెద్దాయన ఆ ముక్కను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఆయన వేళ్లు నిలకడగా ఉన్నాయి. "అయితే నా చెయ్యి వణకలేదు," అన్నాడు. ఎవరితోనూ కాదు. మళ్లీ అన్నాడు. ఇరవై ఏడేళ్లు జనం చెప్పింది ఆయన కూడా నమ్మేశాడని నాకు అప్పుడు అర్థమైంది. చివరికి ఉస్తాద్ వైపు తిరిగి, "చెడగొట్టినవాడే మళ్లీ వెయ్యాలి. వేసి, నేను నడిపేటప్పుడు పక్కన కూర్చోవాలి," అన్నాడు.

పోటీలో పక్క సీటులో మనిషిని కూర్చోనివ్వరు. అందుకని చలికాలంలో ఒక పొద్దున, ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడు, వాళ్లిద్దరూ ఎక్కారు. పెద్దాయన ఎడమ కాలికి పని లేకుండా ఆటోమేటిక్ గేర్లు పెట్టాం. ఉస్తాద్‌కి వేగం అంటే భయం. కంపెనీ బస్సు కూడా మెల్లగా తోలమని గొడవపడే మనిషి. హెల్మెట్ పెట్టుకుని దాని లోపలి వాసనకి మొహం ముడిచాడు. పచ్చ లైటు వెలిగింది, టైర్లు పొగ కక్కాయి, కారు పావు మైలు దూరాన్ని నేను రెండు ఊపిర్లు తీసే లోపు దాటేసింది. పరిగెత్తుకెళ్లేసరికి ఉస్తాద్ తలుపు తీసి చక్రం పక్కన వాంతి చేసుకుంటున్నాడు. పెద్దాయన స్టీరింగ్ వదలకుండా, కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వుతున్నాడు. "తిన్నగ వోయింది," అన్నాడు ఉస్తాద్ మూతి తుడుచుకుంటూ. అసలు పోటీలో కొడుకు నడిపి, కొత్త బండి చేతిలో ఓడిపోయాడు. ఓడిన సంగతి ఉస్తాద్ పట్టించుకోలేదు. తిన్నగా వెళ్లిందా అని మాత్రం అడిగాడు.

కారంతటికీ నేను ఎర్రరంగు వేశాను, నా జన్మలో అంత మంచి పని చెయ్యలేదు. ఆ ఒక్క అతుకు మీద మాత్రం వెయ్యనివ్వలేదు. "రంగేసినవనుకో, రేపు పగులొస్తె కనవడది," అన్నాడు. ఒట్టి ఇనుము ఈ ఉప్పుగాలికి వారంలో తుప్పు పడుతుంది. అందుకని ప్రతి శుక్రవారం వాళ్ల ఇంటికి వెళ్లి, కారు కింద పడుకుని, ఎమరీ కాగితంతో రుద్ది నూనె గుడ్డతో తుడిచి వచ్చేవాడు. జ్వరమొచ్చినా, దగ్గు ముదిరినా మానలేదు. కారు పెట్టుకునే కొడుకు ఇల్లు మా గ్యారేజీకి దగ్గరే కాబట్టి సరిపోయింది. చివరి రెండు నెలలూ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఆ రెండు నెలలూ ఎవరూ తుడవలేదు. నేనూ తుడవలేదు. నాకు తోచలేదని రాద్దామనుకున్నాను గాని, తోచింది. బద్ధకించాను.

ఆయన్ని ఊరికి పంపిన పెట్టె గురించి కూడా చెప్పాలి. బయటికి వార్నిష్ మెరిసిపోతోంది. మూలల్లో చెక్క కలవక పుట్టీ పెట్టి పూడ్చారు. గోటితో నొక్కితే ఇంకా మెత్తగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు ఏడుస్తుంటే నేను ఆ మూలనే చూస్తూ నిలబడ్డాను. అంత రోత ఎప్పుడూ పుట్టలేదు నాకు.

మొన్న శనివారం షినాస్ పెద్దాయన కొడుకు కారు తీసుకుని గ్యారేజీకి వచ్చాడు. ఏదో ప్రదర్శన ఉందట. "పాపం, మనిషి పోయాడు. ఆ తుప్పు చూడలేకపోతున్నాను. నలుపు కొట్టెయ్," అన్నాడు హిందీలో. తప్పేమీ అనలేదు, ఎవరైనా అదే అంటారు. రంగు కొట్టే గన్‌లో నలుపు కూడా సిద్ధంగా ఉంది. కారు కింద పడుకుని చూశాను. అతుకంతా ఎర్రగా పొక్కింది. వాలుగా, రెండో వైపుకు, గీతలు కనిపిస్తున్నాయి.

బయటికి వచ్చి, "నేను వెయ్యను," అన్నాను. కారణం కూడా చెప్పాను, ఉస్తాద్ చెప్పిన మాటల్లోనే. అతను నా మొహం వైపు, గన్ వైపు, కారు వైపు మార్చి మార్చి చూశాడు. తిడతాడనుకున్నాను. ఎమరీ కాగితం ఏదని అడిగాడు. ఇచ్చాను. నూనె గుడ్డ అడిగాడు. ఇచ్చాను. ఇస్త్రీ మడత నలగని తెల్లటి పొడుగు అంగీతో, ఆ డిష్‌డాషాతోనే, మా గ్యారేజీ నేల మీద, గ్రీజు మీద, వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు.

ఉస్తాద్ సామాను సర్దేటప్పుడు ఉంచేసుకున్న అయస్కాంతం నేను జేబులోంచి తీసి కింద నుంచి అందించాను. దేనికో అతనికి తెలుసు. టక్కున అంటుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఎమరీ కాగితం రుద్దుతున్న చప్పుడు మొదలైంది. కారు కింది నుంచి అతని రెండు చెప్పుల కాళ్లే బయటికి కనిపిస్తున్నాయి, తెల్లబట్ట మీద తుప్పు పొడి ఎర్రగా రాలుతోంది.