నాన్న దాచుకున్న గొంతు

మా చిన్నప్పుడు... రావులపాలెం అరటి మార్కెట్లో పొద్దున్నే వేలం మొదలైందంటే మా నాన్న గొంతు రోడ్డు మీదికి వినపడేది. ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గెలలకి వేలంపాట పాడటం ఆయన పని. కర్పూరం గెల, చక్కెరకేళి గెల... ఒక్కోటీ చూపిస్తూ ధర పెంచుకుంటూ పోతుంటే, నేనూ అన్నయ్యా బడికి వెళ్తూ కాసేపు నిలబడి వినేవాళ్ళం.

నేను ఏడో తరగతిలో ఉండగా ఆ గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి అలా అయిందనుకున్నాం. అమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చేది. తగ్గలేదు... చివరికి రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి వెళ్తే, గొంతులో గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలన్నారు.

ఆ రోజు నేనూ వెళ్ళాను. నాన్న చేతులు కట్టుకుని నిలబడి, "మళ్ళీ పాట పాడుకోవచ్చాండీ?" అని అడిగారు.

డాక్టరుగారు మందుల చీటీ రాస్తూ, తలెత్తకుండానే, "ముందు ఆపరేషన్ అవనివ్వండి. అప్పటిదాకా గొంతుకి రెస్ట్ ఇవ్వండి" అన్నారు.

నాన్న దాన్ని అవునన్నట్టే తీసుకున్నారు. బయటికొచ్చాక అమ్మ ఇంకోసారి సరిగ్గా అడిగి రమ్మంది. ఎంతమంది కూర్చున్నారో చూడు, విసుక్కుంటారేమో అని ఆయనే వెనక్కి తగ్గారు. డాక్టరుని తిరిగి ప్రశ్నించడం మర్యాద కాదనుకునే రోజులవి...

ఇక ఆపరేషన్ దాకా నాన్న మాట్లాడటమే మానేశారు. అన్నం పెట్టమని సైగ. మంచినీళ్ళకి సైగ. నేను బడి కబుర్లు చెబుతుంటే నవ్వేవారు, అంతే. ఆసుపత్రికి బయల్దేరిన పొద్దున్న కూడా నా తల నిమిరి, గొంతు చూపించి, వచ్చాక చెప్తాలే అన్నట్టు చెయ్యి ఊపారు.

ఆపరేషన్లో ఆయన స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ దగ్గర చిన్న కన్నం... ఊపిరి ఇక అక్కడినుంచే.

మెలకువ వచ్చాక నాన్న పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. మత్తుమందు వల్లేమో అనుకుని ఊరుకున్నాం. కట్టు మార్చడానికి వచ్చిన నర్సుని, మాట ఎప్పుడొస్తుందమ్మా అని అమ్మ అడిగింది. ఆ అమ్మాయి చేతిలో పని ఆపేసింది.

"డాక్టరుగారు చెప్పలేదాండీ మీకు?"

అలా తెలిసింది మాకు.

డాక్టరుగారు చెడ్డవారేం కాదు. తీయకపోతే మనిషి దక్కేవాడు కాదన్నారు. అదీ నిజమే. "ముందే చెబితే భయపడి వెళ్ళిపోతారమ్మా... చాలామందిని చూశాను" అన్నారు అమ్మతో.

నాన్న అన్నయ్య జేబులోంచి పెన్ను తీసుకుని, మందుల చీటీ వెనకాల రాసి ఆయనకి చూపించారు.

"వెళ్ళిపోయేవాణ్ణి కాదండీ. గొంతు ఉన్నన్నాళ్ళూ పిల్లలతో మాట్లాడుకునేవాణ్ణి."

డాక్టరుగారు అది చదివారు. నాన్న భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నాన్న చాలా ఏళ్ళు బతికారు. ఆ ఆపరేషన్ వల్లే బతికారు, కాదనను. మార్కెట్లోనే లారీలకి గెలలు ఎక్కించే దగ్గర పని ఇచ్చారు. వేలం మొదలయ్యే వేళకి మాత్రం ఏదో పని కల్పించుకుని వెనక షెడ్డులోకి వెళ్ళిపోయేవారట...

నా పెళ్ళిలో, అప్పగింతలప్పుడు, నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నారు. పెదాలు కదలడం చూశాను. ఏమన్నారో అర్థం కాలేదు. మళ్ళీ అడిగే ధైర్యం లేకపోయింది.

ఈమధ్య నాకూ ఒక ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏం తీస్తారో, తర్వాత నాలో ఏం మారుతుందో బొమ్మ గీసి మరీ చెప్పింది. "ఇంకేమన్నా అడగాలాండీ?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. భయపడుతున్నాననుకుని చెయ్యి పట్టుకుంది పాపం.

అడిగినవన్నీ విసుక్కోకుండా చెప్పింది. అరగంట పట్టిందేమో... ఆ అరగంట మా నాన్నకి దొరకలేదు.

మీ ఇంట్లోనూ ఇలా ఎవరూ చెప్పకుండా వదిలేసిన మాట ఏదైనా ఉంటే, ఇక్కడ రాయండి... చదువుతాను.