రాగి కాగులో ఈగల వంట

పెద్దల నాటి పాత్రలో ఏది వండినా అమృతమేనని నమ్మేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అడిలైడ్‌లో ఆ మతానికి పీఠాధిపతి నోరీన్ పాస్కో.

ఆమె ఉద్యోగం ఈగలకు వండిపెట్టడం. రాగి విషం పండ్లీగల్ని ఏం చేస్తుందో చూసే ప్రయోగశాల అది. సీసాల్లోని ఈగలన్నీ ఆమె చేతి కూడు తిని బతికేవే. మొక్కజొన్న రవ్వ, బెల్లపు మడ్డి, ఈస్టు, సముద్రపు నాచు జిగురు ఉడికించి, బూజు పట్టకుండా చివర్లో కాస్త ఆమ్లం పోస్తుంది. ఎవరికి కావలసినంత రాగి ఉప్పు వాళ్లు తర్వాత కలుపుకుంటారు. నోరీన్ దృష్టిలో అది మంచి తిండిని చెడగొట్టుకోవడం.

ఆ ఏడు శాల పెద్ద డాక్టర్ లీబెల్ట్ పొదుపు పాట అందుకున్నాడు. సిడ్నీ నుంచి పొడి తెప్పిస్తే చాలట, వేణ్నీళ్లు పోసుకోవడమేనట. రెండు తిళ్లూ పక్కపక్కన పెట్టి చూద్దామన్నాడు. నోరీన్ వంట ఓడితే వంటగదికి తాళం.

పందెం కదా, రోజూ వాడే స్టీలు డేగిసా ఆమె కంటికి ఆనలేదు. సముద్రం దాటొచ్చి మూంటా గనుల్లో రాగి తవ్విన కార్నిష్ తాతల ఇంటి నుంచి నాయనమ్మ జామ్ కాగు మోసుకొచ్చింది. తళతళలాడే రాగి, లోపల కళాయి లేదు. అందులో వండి, ఆమ్లం పోసి, కాస్త ఆరనీ అని వదిలేసి, మాంసం కూరిన పాస్టీ తింటూ ఎండలో కూర్చుంది.

ఆ తర్వాత జరిగింది చూడాలి. సిడ్నీ పొడి కలిపిన సీసాల్లో గుడ్ల మీద గుడ్లు. నోరీన్ సీసాల్లో ఆడ ఈగలు తిండి మీద వాలి, మూతి తిప్పుకుని లేచిపోయాయి. పుట్టిన నాలుగు పురుగులూ తిండి మానేసి బక్కచిక్కాయి. సీసాని బల్లకేసి తడితే అడుగున పడ్డ ఈగ, ఒంట్లో బాగుంటే, వెంటనే సీసా గోడెక్కాలి. ఇవి పెళ్లి భోజనం చేసిన బంధువుల్లా అక్కడే కూలబడ్డాయి. లీబెల్ట్ మొహానికి విచారం పులుముకుని తాళం వెతికిస్తున్నాడు.

అప్పుడు శాలలో చదువుకునే లుపే సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఈ టోంగా దీవుల పిల్ల పెంచేది రాగిని తట్టుకునే ఈగల్ని.

"ఆంటీ, నీ తిండి నా ఈగలకి మాత్రమే పడింది. గంతులేస్తున్నాయి చూడు. దేన్లో వండావు?"

"మా నాయనమ్మ కాగులో. తరతరాలుగా దాన్లోదే తింటున్నాం తల్లీ. ఎవరం పోయాం?"

"ఉడకగానే తీసేసేవాళ్లా, దాన్లోనే ఉంచేవాళ్లా?"

అప్పుడు గుర్తొచ్చింది నోరీన్‌కి. వెనిగర్ చుక్క అందులో నిలవుంటే నాయనమ్మ చెంప పగలగొట్టేది. కళాయి లేని గిన్నెలో చింతపండు పులుసు ఉంచితే ఏమవుతుందో మన ఇళ్లలో ఏ అవ్వనడిగినా చెబుతుంది: కిలుము దిగుతుంది.

ఈస్టు పాడైందని చెబితే గండం గడిచేదే. లుపే నోరు విప్పదు కూడా. కానీ రాగి విషాన్ని చదివే శాలలోనే ఈగలకు రాగి వండిపెట్టానని తలుచుకునేసరికి నోరీన్‌కే నవ్వు తన్నుకొచ్చింది. శుక్రవారం టీ దగ్గర అందరి ముందూ కక్కేసింది. లీబెల్ట్ గంభీరంగా ఉండబోయాడు గానీ, టీ ముక్కులోంచి వచ్చేసింది.

"మళ్లీ వండు. స్టీలులో," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

వండింది. ఈసారి ఆమె సీసాల్లో పురుగులు కిటకిటలాడాయి. పొడి సంచులు వచ్చిన దారినే పోయాయి.

ఆ తర్వాతి శుక్రవారం టీకి నోరీన్ ఆప్రికాట్ జామ్ తెచ్చింది. ఆ కాగులోనే చేసింది, ఉడకగానే సీసాలోకి ఒంపానని ఒట్టేసింది. అయినా ఒక్క చెయ్యీ కదలలేదు. ఇంతలో సీసాలోంచి తప్పించుకున్న ఈగ ఒకటి జామ్ మీద వాలింది. మహాపండితులంతా ఊపిరి బిగబట్టి చూశారు. అది తాగింది, కాళ్లు రుద్దుకుంది, చరచరా గోడెక్కింది.

లీబెల్ట్ చెంచా అందుకున్నాడు.

"తిన్నాక నిన్ను కూడా బల్లకేసి తట్టి చూడాలా, డాక్?" అంది నోరీన్.