నల్ల గీతల కింద మా అన్న

మా అన్న చనిపోయాడని నాకు ఫోన్ చేసి చెప్పిన మనిషి అన్న పేరు కూడా సరిగ్గా పలకలేకపోయాడు. 2020 చివరి రోజులవి. అన్న దుబాయ్‌లోని ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున పక్కనే ఉన్న ఇంకో ఎడారి దేశానికి వెళ్ళాడు. అక్కడ ఒక పాశ్చాత్య దేశపు సైనిక శిబిరం ఉంది. సైనికుల బట్టలు ఉతికే లాండ్రీలో అతని పని. ఆ లాండ్రీలో మంటలు లేచి ముగ్గురు పోయారు. వారిలో అన్న ఒకడు.

నేను అప్పటికే షార్జా అల్ నహ్దాలో ఒక గదిలో ఉంటూ, దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్ సభా మందిరంలో మైకుల పని చేస్తున్నాను. కరోనా కారణంగా ఊరికి పోలేకపోయాను. అంత్యక్రియలు ఫోన్ తెర మీదే చూశాను. పదో రోజు దాటాక వదిన నాతో ఒక్క మాట అడిగింది.

"మంట అంటుకుంటే మనిషి ఉరుకుతడు గదా తమ్మీ. మీ అన్న ఎందుకు ఉరకలేదు?"

నాకు తెలియదన్నాను. కనుక్కుంటానని మాటిచ్చాను.

కంపెనీని అడిగితే, విచారణ ఆ శిబిరం నడిపే దేశపు రక్షణ శాఖ చేసింది, మాకేమీ తెలియదు అన్నారు. అప్పుడు ఆ దేశ ప్రభుత్వపు వెబ్‌సైటు తెరిచాను. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసి ఉంది: మా ప్రభుత్వం ప్రజల ముందు తెరిచిన పుస్తకం, ప్రపంచంలో ఎవరైనా, ఎక్కడి నుంచైనా సమాచారం అడగవచ్చు. నేను ఆ మాటను నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది గానీ, ఆ రోజు నిజంగా నమ్మాను. డిగ్రీలో నేర్చుకున్న ఇంగ్లీషంతా కూడగట్టి దరఖాస్తు రాశాను.

ఏడు నెలలకు జవాబు వచ్చింది. నలభై పేజీలు. హోటల్ ఆఫీసులో ప్రింటు తీసుకుంటుంటే ప్రింటరులో ఇంకు అయిపోయింది. ప్రతి పేజీ మీదా నల్ల గీతలు. ఎవరు ఏం చూశారో నలుపు. ఎవరు ఏం చెప్పారో నలుపు. మా అన్న పేరు ఉండాల్సిన చోట కూడా నలుపే. చివర రెండు పేజీలు మాత్రం శుభ్రంగా వదిలేశారు. అవి కాలిపోయిన సామాను జాబితా. వాషింగ్ మెషీన్లు, ఇస్త్రీ బల్లలు, దుప్పట్లు, తువ్వాళ్ళు. ఏది ఏ రంగుదో కూడా రాశారు. దుప్పటి రంగు ప్రపంచానికి తెలియవచ్చు, మనిషి ఎలా చచ్చాడో తెలియకూడదు. మిగతా విషయం "సమీక్షలో ఉంది" అని పైన ఒక ఉత్తరం జత చేశారు.

మా తాలూకా ఆఫీసులో లంచం తినే గుమాస్తాలను చూస్తూ పెరిగినవాణ్ణి నేను. వాడు తింటాడు, సిగ్గు లేకుండా తింటాడు, కానీ తిన్న చేత్తో నాకు నీతి పాఠం చెప్పడు. ఇక్కడ దుబాయ్‌లో నోరు అదుపులో పెట్టుకోవాలని దిగిన రోజే నేర్చుకున్నాం. అలా కాదని ఎవరూ మమ్మల్ని మభ్యపెట్టలేదు. ఆ నల్ల గీతలు పంపిన వీళ్ళు మాత్రం మా దేశాలకు వచ్చి పారదర్శకత గురించి తరగతులు తీసుకుంటారు, మార్కులు వేస్తారు. ఆ శిబిరం కాంట్రాక్టు తమ పాలక పార్టీ పెద్దమనిషి స్నేహితుడికి టెండరు లేకుండా ఇచ్చారని వాళ్ళ పత్రికలోనే చదివాను. రెండు రోజులు గొడవ జరిగింది. మూడో రోజుకు అందరూ మర్చిపోయారు.

తరువాతి సంవత్సరం మా హోటల్‌లో ఒక సదస్సు జరిగింది. విషయం అవినీతి లేని పాలన. ముఖ్య వక్త ఆ దేశపు మంత్రే. వక్తల జాబితాలో ఆ పేరు, దేశం రెండుసార్లు చదివాను. మా పెద్ద టెక్నీషియన్ మలయాళీ. నా సంగతంతా ఆయనకు తెలుసు.

"ఇవాళ సెలవు పెట్టు. నేను చూసుకుంటాను" అన్నాడు హిందీలో.

"వద్దు సాబ్, నేనే చేస్తా" అన్నాను.

వేదిక వెనక గదిలో మంత్రి కోటుకు కాలర్ మైకు నేనే తగిలించాను. మంచి సబ్బు వాసన వచ్చింది. థాంక్యూ అన్నాడు, నా కళ్ళలోకి చూసి అన్నాడు. నేను మిక్సరు దగ్గరికి వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. హాల్లోకి శబ్దం వదలకముందు మైకు పని చేస్తోందో లేదో మేము విని చూసుకోవాలి. అది నా డ్యూటీ.

మంత్రి సహాయకురాలి గొంతు వినబడింది. "విలేకరులు శిబిరాల కాంట్రాక్టుల గురించి అడగవచ్చు."

"సమీక్షలో ఉందని చెబుదాం" అన్నాడు మంత్రి.

"రెండేళ్ళుగా అదే చెబుతున్నాం."

"అందుకే అది మంచి మాట. దానికి గడువు ఉండదు." ఇద్దరూ నవ్వారు.

నా వేలు హాలు శబ్దాన్ని తెరిచే మీట మీదే ఉంది. పైకి తోస్తే ఆ నవ్వు మూడు వందల మంది చెవుల్లో పడేది. నేను తొయ్యలేదు. నా వీసా గుర్తొచ్చింది, ఊళ్ళో నా పిల్లలు గుర్తొచ్చారు. భయపడ్డాను. ఆ తరువాత ముప్పై నిమిషాలు ఆ మనిషి ప్రజలకు తెలుసుకునే హక్కు గురించి మాట్లాడాడు. ఆ గొంతు అందరికీ స్పష్టంగా వినబడేలా చూసింది నేనే. చప్పట్లు కొట్టినప్పుడు శబ్దం పగలకుండా సర్దింది కూడా నేనే.

సభ అయ్యాక మైకు తీయడానికి వెళ్ళాను. వైరు విప్పుతూ చెప్పేశాను. "సర్, మీ శిబిరం లాండ్రీలో మా అన్న కాలిపోయాడు. నాకు నల్ల కాగితాలు పంపారు. ఏం జరిగిందో చెప్పండి."

ఆయన నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. చాలా బాధగా ఉందన్నాడు. తెలుసుకోవడం మీ హక్కు అన్నాడు. నా ఫోన్ నంబరు రాసుకోమని సహాయకురాలికి చెప్పాడు. ఆమె రాసుకుంది.

మరుసటి రోజు మా మేనేజరు, మేమంతా ముదీర్ అని పిలిచేవాడు, నన్ను పిలిపించాడు. అతిథిని ఇబ్బంది పెట్టానని ఫిర్యాదు వచ్చిందట. ఆ నంబరు ఉపయోగపడింది దానికే.

"నౌకరీ నిలబెట్టాను. ఇక మీదట హాల్లోకి రావొద్దు. ఖలాస్" అన్నాడు.

నన్ను స్టోరులో వేశారు. కుర్చీలు, తెరలు, వైర్ల చుట్టలు లెక్క చూసుకోవడం పని. ఆరు నెలలు ఆ పనిలో ఉన్నాను. ఆ ఆరు నెలలూ నాకు ఎవరి మీద ఎక్కువ కోపమో తేల్చుకోలేకపోయాను, ఆ మంత్రి మీదా, మీట పైకి తొయ్యని నా వేలి మీదా.

నిజం చివరికి షార్జా రోలా బజారులో ఒక చాయ్ కొట్టు దగ్గర తెలిసింది. అన్నతో కలిసి పని చేసిన నేపాలీ ఒకాయన షార్జాకు మారాడని ఎవరో చెబితే వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన మెడ మీద కాలిన మచ్చ ఉంది. చాయ్ పూర్తి కాకముందే అంతా చెప్పాడు. లాండ్రీ వెనక తలుపుకు బయట నుంచి తాళం వేసేవారు. దుప్పట్లు ఎవరో ఎత్తుకుపోతున్నారని క్యాంపు బాస్ పెట్టిన నియమం అది. తాళం తీయమని అన్న రెండుసార్లు కాగితం రాసి ఇచ్చాడు. మంటలు ముందు తలుపు వైపు లేచాయి.

"నేను సిగరెట్ కోసం బయటికి వచ్చాను భాయ్. ముందు తలుపులోంచి మళ్ళీ లోపలికి పోబోతే మెడ కాలింది. వెనక తాళం చెవి ఎవరి దగ్గర ఉందో తెలియలేదు. లోపల నుంచి తలుపు కొడుతూనే ఉన్నారు" అన్నాడు. విచారణలో ఇదంతా చెప్పి సంతకం పెట్టానని కూడా అన్నాడు.

అంటే ఆ నల్ల గీతల కింద ఉన్నది ఇది. దేశ రహస్యం కాదు, ఆయుధం కాదు. ఒక తాళం కప్ప, మా అన్న రాసిన రెండు కాగితాలు.

కొన్నాళ్ళకు ఆ దేశంలో ఎన్నికలు వచ్చి ప్రభుత్వం మారింది. కొత్తగా గెలిచినవాళ్ళు ప్రతిపక్షంలో ఉండగా ఆ ఫైళ్ళు బయటపెట్టమని రోజూ అరిచినవాళ్ళే. నేపాలీ ఆయన చేత మళ్ళీ రాయించిన వాంగ్మూలం జత చేసి వాళ్ళకు మళ్ళీ రాశాను. ఈసారి తొందరగానే జవాబు వచ్చింది. జాతీయ భద్రత దృష్ట్యా వివరాలు ఇవ్వలేమని. సంతకం మాత్రమే మారింది.

అంతవరకూ తాళం సంగతి వదినకు చెప్పలేదు. జవాబు వచ్చిన ఆ శుక్రవారం ఫోన్ చేసి తాళం సంగతి, జవాబు సంగతి రెండూ చెప్పాను.

"జాతీయ భద్రత అంటే ఏంది?" అని అడిగింది వదిన.

"వాళ్ళ దేశానికి ఆపద రాకుండ చూసుకునుడు వదినా."

"మీ అన్న తలుపు తియ్యిమని రాసిండని తెలిస్తె వాళ్ళ దేశానికి ఏం ఆపద?"

మళ్ళీ రాస్తానన్నాను. రాయి అంది. ఈసారి దరఖాస్తు కింద తన పేరు పెట్టమంది, ఊరు పేరుతో సహా పూర్తిగా రాయమంది.